పెద్ద కొనుగోళ్లకు బ్యాంకు డ్రాఫ్టు

యాడికి చుట్టుపట్ల గ్రామములలో ట్రాక్టరు కొనవలెనన్నను, బోరునకు మోటారు తేవలెనన్నను, మంచి కాడెద్దుల జత కావలెనన్నను, రైతు పైకమును గుడ్డసంచిలో మూటగట్టి, నడుమున దోపుకొని, తాడిపత్రికో అనంతపురమునకో బస్సెక్కుట నేటికిని కానవచ్చుచున్నది. విత్తనములను గూర్చియు ఎరువులను గూర్చియు చెప్పుట మా పని. అయినను విత్తనమునకు పురుగు పట్టకుండ కాపాడుకొనుడని చెప్పెడి మేము, ఆ విత్తనమును కొను పైకమునకు చేటు రాకుండ కాపాడుకొను మార్గమును చెప్పకుండుట తగదని తలచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మన జిల్లాలో సంవత్సరమునకు సగటున కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదియు అదనుకు రాదు. వేరుసెనగ పండిన యేడు నాలుగు రూకలు చేత నిలుచును. ఎండిన యేడు అప్పే మిగులును. కాలువక్రింది రైతు ఒక పంటలో పోగొట్టుకొన్నది మరుపంటలో రాబట్టుకొనగలడేమో కాని, మెట్టరైతునకు ఒక సంచి పోయిన మూడేండ్ల కష్టము పోయినట్లే. కాబట్టి పైకము చెల్లించు విధమును గూర్చి మనము విత్తు విధమును గూర్చినంత శ్రద్ధతో ఆలోచింపవలెను.

డ్రాఫ్టనగా నేమి? మన పెద్దలకు హుండీ తెలియును. ఒక యూరి షావుకారువద్ద రొక్కము కట్టి, ఆతడు వేరొక యూరి షావుకారునకు వ్రాసియిచ్చిన చీటిని అచ్చట చూపి సొమ్ము పుచ్చుకొనెడివారు. చూపినతోడనే చెల్లవలసినదానిని దర్శనీ హుండీ యనిరి. బ్యాంకు డ్రాఫ్టు దానికి తోబుట్టువు వంటిది. ముందుగ మన సొమ్ము తీసికొని, ఫలానివారికి ఇంత మొత్తము అడిగినతోడనే చెల్లింపుమని బ్యాంకు తన వేరొక శాఖకు వ్రాయు ఉత్తరువే డ్రాఫ్టు. చెక్కు అట్టిది కాదు. వ్రాసినవాని ఖాతాలో సొమ్ము లేకున్న అది తిరిగివచ్చును. డ్రాఫ్టునకు సొమ్ము ముందే జమయైయుండును. అందుచేతనే ముఖపరిచయము లేని వర్తకుడును దానిని నమ్మి సరకు నిచ్చును.

దీనికి కొన్ని కట్టుబాట్లు కలవు. 50,000 రూపాయలకును అంతకు మించిన మొత్తమునకును బ్యాంకువారు రొక్కము తీసికొని డ్రాఫ్టు నియ్యరు. ఖాతానుండి గాని చెక్కుమీద గాని తీయవలెను. 20,000 రూపాయలు మొదలుకొని డ్రాఫ్టుమీద రెండు అడ్డగీతలు గీసి, అందు పేర్కొన్నవారి ఖాతాకే జమచేయవలెనని గుర్తు వేయుదురు. ఆ గీతలే పైకమునకు కంచె. దారిలో అది దొంగచేత బడినను, వాడు కౌంటరువద్ద నిలిచి రొక్కము పుచ్చుకొనలేడు. 2018 సెప్టెంబరు 15 నుండి డ్రాఫ్టు కొన్నవారి పేరును గూడ దానిమీద అచ్చువేయుచున్నారు. పూర్వము ఆరు మాసములుండిన గడువు 2012 ఏప్రిల్ 1 నుండి మూడు మాసములైనది. గడువు దాటినంతమాత్రమున సొమ్ము మునిగిపోదు. తీసిన శాఖకు పోయి గడువు పెంచుకొనవచ్చును, లేదా రద్దుచేయించుకొనవచ్చును. మరియు, ఒక బేరములో రెండు లక్షలుగాని అంతకు మించిగాని రొక్కముగ పుచ్చుకొనరాదని 2017 ఏప్రిల్ 1 నుండి చట్టము కలదు. పుచ్చుకొన్నవానికి అంత మొత్తమును జుల్మానా పడవచ్చును. పాత ట్రాక్టరు నమ్ముకొను రైతునకును ఈ చట్టము వర్తించునని మరువరాదు.

"రొక్కమిచ్చిన వర్తకుడు వెయ్యి తగ్గించును గదా, డ్రాఫ్టునకు కమీషను గూడ ఏల కట్టవలెను?" అని కొందరందురు. తగ్గించిన వర్తకుడు రశీదులో ఎంత వ్రాసెనో, అసలు రశీదే యిచ్చెనో లేదో వారు చూడవలెను. రశీదు లేని మోటారు ఆరు నెలలకు కాలిపోయినచో పూచీ అడుగుట యెట్లు? వెయ్యి మిగిలినదని సంతసించినవారు మోటారు ధరనంతయు పోగొట్టుకొందురు.

మరికొందరు, ఫోనులోనే సొమ్ము పంపవచ్చును గదా యందురు. నిజమే. నెఫ్ట్ 2019 డిసెంబరు 16 నుండియు, రెండు లక్షలు మొదలుకొని పంపుటకైన ఆర్‌టీజీఎస్ 2020 డిసెంబరు 14 నుండియు, రేయింబవళ్లు నడచుచున్నవి. తెలిసిన కంపెనీయొక్క సరిచూచుకొన్న ఖాతాకు పంపుటకు అవి మిక్కిలి మేలైనవి. మేము వానిని వలదనము. కాని పరదేశమునకు పోయి, ముఖమెరుగనివానితో బేరమాడునపుడు, సొమ్ము ముందు పోయి సరకు వెనుక వచ్చుట ప్రమాదకరము. డ్రాఫ్టు మన జేబులోనే యుండును. సరకును కన్నులార చూచి, మోటారును తిప్పించి, ఎద్దులను నడిపించి, ఒక చేత సరకు అందుకొని రెండవ చేత కాగితము నియ్యవచ్చును. డ్రాఫ్టులోని అసలు మేలు ఇదియే.

ఈ మేలును ఉపయోగించుకొనక, బేరము కుదిరిననాడే డ్రాఫ్టును అప్పగించువారు కలరు. వారు డ్రాఫ్టు స్వభావము నెరుగరు. డ్రాఫ్టు సొమ్మునకు పూచీయే గాని సరకునకు పూచీ గాదు. ఒకసారి అమ్మినవాని చేతికి పోయిన పిదప, సరకు బాగులేదు గనుక చెల్లింపు నిలుపుడని మనము కోరినను బ్యాంకు నిలుపదు. కాబట్టి బయానా కొద్దిగ నిచ్చి రశీదు పుచ్చుకొనుడు. మిగిలినదానికే డ్రాఫ్టు తీయించుడు. అది బిల్లుమీద నున్న అంగడి పూర్తిపేరున ఉండవలెను గాని, మధ్యవర్తి పేరున ఉండరాదు. పాత ట్రాక్టరైనచో, రిజిస్ట్రేషను పత్రములో ఏ బ్యాంకు అప్పైన వ్రాసియున్నదేమో చూచిన పిదపనే డ్రాఫ్టును చేతికియ్యుడు. సంఖ్యను, తేదీని, తీసిన శాఖను ఇంట వేరొక కాగితముపై వ్రాసి యుంచుడు.

మనము అమ్మువారమైనపుడు జాగ్రత్త ఇనుమడింపవలెను. చీనీ కాయలు కోసికొనిపోవుటకు వచ్చిన దళారి డ్రాఫ్టు చూపినంతమాత్రమున లారీని కదలనియ్యరాదు. కల్ల డ్రాఫ్టులు లోకములో లేకపోలేదు. దానిని మన బ్యాంకునకు తీసికొనిపోయి, తీసిన శాఖతో విచారింపజేయవలెను. దళారి చెప్పిన ఫోను సంఖ్యను నమ్మరాదు. రెండవ, నాలుగవ శనివారములలో 2015 సెప్టెంబరు నుండి బ్యాంకులకు సెలవు. ఆ ముందటి సాయంకాలము డ్రాఫ్టుతో వచ్చి తొందరపెట్టువానిని సోమవారము రమ్మనుడు. బ్యాంకు పేరును గూడ చదువుడు. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసినది. ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసినది. ఆ పాతపేళ్లతో ఎవరైన నేడు డ్రాఫ్టు తెచ్చినచో, అది గడువు దాటినదో కల్లదో అయియుండును. జమయైనదని మన ఖాతాలో కనబడిన పిదపనే సరకు కదలవలెను.

డ్రాఫ్టు పోయినచో దిగులుపడి కూర్చుండక, ఆ దినమే తీసిన శాఖకు వ్రాతమూలకముగ తెలుపుడు. అది చెల్లియుండనిచో, పూచీపత్రము వ్రాయించుకొని పక్షము దినములలో నకలు డ్రాఫ్టు నియ్యవలెననియు, ఆలస్యమైనచో వడ్డీ చెల్లింపవలెననియు రిజర్వు బ్యాంకు విధించినది. పోయిన నోట్లకట్టకు నకలిచ్చు రాజు ఎచ్చటనైన కలడా?

ఇక సంఘము చేయవలసినది కలదు. మన సభ్యులలో డ్రాఫ్టు ఫారమును తామై నింపలేనివారును, దానిమీది పేరు సరిగనున్నదో లేదో చదువలేనివారును పెక్కురు. వారు సిగ్గుచే అడుగరు. అడుగక రొక్కము మూటగట్టుకొని పోవుదురు. సంఘపు కార్యదర్శులు వారమునకొక పూట కూర్చుండి ఫారములు నింపిపెట్టి, వచ్చిన డ్రాఫ్టులను బ్యాంకులో విచారించిపెట్టినచో, దానికగు వ్యయము స్వల్పము. పదిమంది రైతులకు ఒకే విధమైన మోటారులు కావలసినపుడు, సంఘము పేరున ఒకే డ్రాఫ్టుతో కొన్నచో ధరయు తగ్గును, పూచీయు గట్టిపడును. అప్పులిచ్చుటయే సహకారమని మేము తలపము. ఇచ్చిన అప్పు దారిలో పోకుండ చూచుటయు సహకారమే. రాబోవు మహాసభలో సభ్యులు దీనిని ప్రస్తావించి తీర్మానము చేయింతురని కోరుచున్నాము.