గిటారు క్లాసుకు ర్యాంకు వద్దు



మా ఇంట్లో యూనిఫాం ఎప్పుడూ ఒక సైజు పెద్దదే కొంటాం. వచ్చే ఏడాదికి కూడా పనికొస్తుందన్న లెక్క. మా పాప ఐదో తరగతిలో ఉన్నప్పుడు గిటారు నేర్చుకుంటానంటే అదే లెక్కతో ఖమ్మం వెళ్లి, పెద్దవాళ్లు వాయించే పూర్తి సైజు గిటారు, అదీ స్టీలు తీగలది, కొనుక్కొచ్చాను. దాన్ని ఒళ్లో పెట్టుకుంటే పాప గడ్డం గిటారు అంచుకు తగిలేది. ఎడమ చేతి వేళ్లు తీగల దాకా చాలేవి కావు.

ఆదివారం మధ్యాహ్నాలు ఒక కుర్రాడు ఇంటికి వచ్చి నేర్పేవాడు. చర్చిలో పాటలకు వాయిస్తూ నేర్చుకున్నవాడు, ఓపికగలవాడు. తప్పు అతనిది కాదు. మూడో నెలలో మా ఇంటికి చుట్టాలొచ్చారు. నేను గొప్పకు పోయి, "బిడ్డా, గిటారు తెచ్చి ఒక పాట వాయించు" అన్నాను. పాప మొదలుపెట్టింది, రెండో వరుసలో ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టింది, మళ్లీ ఆగింది. "మూడు నెలల ఫీజు కట్టినం, ఒక్క పాట గూడ రాదా?" అని నవ్వుతూనే అన్నాను. పాప నవ్వలేదు.

ఆ రాత్రి నన్ను ఒక మాట అడిగింది. "ఇది గూడ టెస్టేనా నాన్నా?"

మర్నాటి నుంచి గిటారు బీరువా మీదే ఉంది.

ఇల్లెందు, కొత్తగూడెం దారిలో ఉన్న మన టేకులపల్లి లాంటి చోట పిల్లల్ని కార్పొరేట్ బడిలో చదివించడం తేలిక కాదు. అప్పు చేసి ఫీజు కట్టేవాళ్లు మనలో ఉన్నారు. కట్టిన ప్రతి రూపాయికీ ఫలితం కనపడాలనుకోవడం సహజం. వీక్లీ టెస్టుకు మార్కులు, నెలకు ప్రోగ్రెస్ రిపోర్టు, ఏడాదికి ర్యాంకు. అలవాటైన ఆ కొలబద్దనే గిటారు మీదా పెడతాం. అక్కడే దెబ్బతింటాం.

ఎందుకంటే గిటారులో మొదటి మూడు నెలలు బయటికి కనిపించే ఫలితం చాలా తక్కువ. మొదట వేళ్ల కొసలు నొప్పి పెడతాయి. కొన్ని వారాలకు అక్కడ చర్మం గట్టిపడుతుంది. ఆ తర్వాత అసలు కష్టం మొదలవుతుంది. ఒక కార్డ్ నుంచి మరో కార్డ్‌కు వేళ్లు మారేసరికి పాట ముందుకెళ్లిపోతుంది. రెండు వేళ్లతో పట్టే ఇ మైనర్ తొందరగానే వస్తుంది. జి, సి, డి ల మధ్య తడబడకుండా తిరగడానికి నెలలు పడుతుంది. ఇక ఎఫ్ కార్డ్‌లో ఒకే వేలితో తీగలన్నీ నొక్కాలి. ఎంతోమంది పెద్దవాళ్లు కూడా అక్కడే మానేస్తారు. ఇది తెలియకుండా మూడో నెలలో పాట అడగడం, నారు పోసిన వారానికి వడ్లు అడగడమే.

గిటారు నేర్చుకుంటే లెక్కల్లో మార్కులు పెరుగుతాయని నేను చెప్పను. అలా చెప్పి ఒప్పిస్తే మళ్లీ మార్కుల దగ్గరికే వచ్చినట్టు. నేను చెప్పేది వేరు. తప్పు చేసినా ఎవరూ రాసిపెట్టుకోని గంట ఒకటి పిల్లలకు వారంలో ఉండాలి. రోజూ కొంచెం చేస్తే రానిది వస్తుందన్న నమ్మకం ఆ గంటలో పిల్లలకు దానంతటదే కలుగుతుంది. పదో తరగతి, జేఈఈ అనే రోజులు ఎలాగూ వస్తాయి. అప్పటికి ఆ నమ్మకం ఉన్న పిల్లలు ఒక్క తక్కువ మార్కుకు కుంగిపోరని నా అభిప్రాయం.

మన చుట్టూ సంగీతం ఎలా నేర్చుకుంటున్నారో చూడండి. శ్రావణంలో మన తండాల్లో తీజ్ జరుగుతుంది. పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచుతూ తొమ్మిది రోజులు ఆడి పాడతారు. చిన్నపిల్లలు పెద్దవాళ్ల వరుసలో చేరి, అడుగు తప్పుతూనే నేర్చుకుంటారు. కోయ గూడేల్లో డోలు పాటలు తరం నుంచి తరానికి అందింది కూడా పెద్దలు పాడుతుంటే వినడం వల్లే. ఆ పాటలకే మన జిల్లా మణుగూరు ప్రాంతానికి చెందిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది.

మాండొలిన్ శ్రీనివాస్ సంగతి చాలామందికి తెలుసు. 1969లో పాలకొల్లులో పుట్టారు. చిన్నతనంలో ఆయన చేతికి అందిన మొదటి మాండొలిన్ తండ్రి సత్యనారాయణ గారిదే. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడితే పిల్లవాడు విని వాయించేవాడు. అందరూ శ్రీనివాస్‌లు కారు. కానీ ఇంట్లో పెద్దల చేతిలో ఒక వాద్యం ఉంటే పిల్లలకు అది పరీక్షలా కనపడదు.

ఈ మాట నాకు ఆలస్యంగా తట్టింది. గత ఏడాది బీరువా మీద గిటారు దింపి, అదే కుర్రాణ్ణి మళ్లీ పిలిచి, ఈసారి నేను కూర్చున్నాను. నా వయసు నలభై నాలుగు. నెల రోజులు నా వేళ్లూ మండాయి. అప్పుడుగానీ పాపను ఏమన్నానో నాకు అర్థం కాలేదు. ఒకరోజు నేను కార్డ్ పడుతుంటే తీగ గరగరమంటోంది. హోంవర్క్ చేసుకుంటున్న పాప లేచి వచ్చి, "అట్ల కాదు నాన్నా, వేలు ఫ్రెట్ దగ్గరికి జరుపు" అని సరిచేసింది. ఇప్పుడు ఇద్దరం కలిసి నేర్చుకుంటున్నాం. ఇంకా ఎవరి ముందూ వాయించలేదు. నాకంటే తనే బాగా వాయిస్తుంది. అది తనకు చాలా ఇష్టం.

మొదలుపెట్టాలనుకునేవాళ్లకు నా అనుభవంలోంచి నాలుగు మాటలు. గిటారు పిల్లల ఒంటికి సరిపోయే సైజు కొనండి. అర సైజు, ముప్పావు సైజు కూడా దొరుకుతాయి. చిన్నవాళ్ల వేళ్లకు నైలాన్ తీగలు మేలు. ఆదివారం రెండు గంటలు కూర్చునేకంటే రోజూ పదిహేను నిమిషాలు మంచిది. మన ఎండలకు రేకుల గదిలోనో, కారులోనో గిటారు ఉంచితే చెక్క, జిగురు పాడవుతాయి. టీచరు ఇంటికి వస్తే తలుపు తెరిచే ఉంచి, పెద్దవాళ్లు ఒకరు అదే గదిలో ఉండండి. ఊరికే కాపలా కూర్చునే బదులు మీరూ నేర్చుకోండి. యాభైలో ఉన్నా, అరవైలో ఉన్నా ఇ మైనర్‌కు కావలసింది రెండు వేళ్లే.

లండన్ ట్రినిటీ కాలేజీ లాంటి సంస్థల గ్రేడ్ పరీక్షలు కూడా ఉన్నాయి. పిల్లలు తామే అడిగితే రాయించండి. మొదటి ఏడాదే ఆ మాట మనం ఎత్తవద్దు.

మన పాఠశాల యాజమాన్యానికీ ఒక మనవి. 2020 జాతీయ విద్యా విధానం కళలను చదువు నుంచి వేరుగా చూడవద్దంటోంది. మంచి మాట. అయితే చదువులో భాగం కావడమంటే పరీక్షలో భాగం కావడం కాదు. సంగీతం పీరియడ్‌కు గ్రేడు వేయవద్దు. యాన్యువల్ డేలో ఇష్టమైనవాళ్లనే వాయించనివ్వండి.

చుట్టాలు ఇప్పటికీ మా ఇంటికి వస్తుంటారు. గోడకు వేలాడే గిటారు చూసి, "ఎవరు వాయిస్తరు?" అని అడుగుతారు. "ఇద్దరం నేర్చుకుంటున్నం" అంటాను. పాటేదీ అడగకముందే టీ తెమ్మని నేనే లోపలికి వెళ్తాను.