సైకిల్ ట్యూబు కట్టిన చేయి



‘సూరజ్: ది రైజింగ్ స్టార్’ సీరియల్ వట్టి జపాన్ కంపెనీల ప్రకటన అని గత సంచికలో మీ వ్యాసకర్త తేల్చేశారు. ప్రకటనల మాట నిజమే. వాళ్ల సరుకులు కథలోకి చొరబడటం నాకూ నచ్చలేదు. అంతమాత్రాన సీరియల్‌నే కొట్టిపారేయడం అన్యాయం.

2012 డిసెంబరులో కలర్స్ ఛానల్లో మొదలైన ఈ 26 భాగాల కథకు మూలం జపాన్ బేస్‌బాల్ కథ ‘క్యోజిన్ నో హోషి’. 1960ల నాటిది. దాన్ని ముంబై పేదవాడకు, క్రికెట్‌కు తెచ్చారు. తయారీలో మన హైదరాబాద్ డీక్యూ ఎంటర్‌టైన్‌మెంట్ చేయి ఉంది. వ్యాసంలో ఆ ఊసే లేదు!

మూలంలో తండ్రి కొడుకు ఒంటికి ఇనుప స్ప్రింగులు బిగిస్తాడు. ఇక్కడ అవి సైకిల్ ట్యూబులయ్యాయి. ఆ మార్పు మా బతుక్కు ఎంత దగ్గరిదో పల్సానాలో కళ్లారా చూశాను. నైట్ షిఫ్టు దిగి, చెవుల్లో మరమగ్గాల మోత తగ్గకముందే గదికొచ్చాను. పదేళ్ల మావాడు పాత ట్యూబు ముక్కను కిటికీ ఊచకు కట్టి, రెండో కొస మణికట్టుకు చుట్టుకుని గుంజుతున్నాడు. చర్మం కమిలిపోయింది. మొహంలో మాత్రం వెలుగు.

నా అసలు అభ్యంతరం ప్రకటనల మీద కాదు, ఆ తండ్రి మీద. అతని కరుకుతనాన్ని కథ ప్రేమ కింద జమకట్టింది. వ్యాసకర్త పట్టుకోవాల్సిన లోపం అది. ఆ రోజు నేను మావాడి మణికట్టు ముడి విప్పి, చేతికి కొబ్బరినూనె రాసి, బంతి పట్టుకుని వాడితో బయటికి నడిచాను.

– ఒక మరమగ్గాల కార్మికుడు,
పల్సానా, సూరత్ జిల్లా