ఫోన్ వెళ్లినా పాట ఆగకూడదు

తాడేపల్లిగూడెంలో మా ఇంటి అటక మీద నాన్న పాత యాంప్లిఫయర్, రెండు స్పీకర్లు ఏళ్ల తరబడి దుమ్ము పట్టి ఉన్నాయి. వాటిని దించి, ఏలూరులో రిపేర్ చేయించి, సంక్రాంతికి తాతయ్య ఇంట్లో పెట్టాను. ఆయనది కొల్లేరు లంక ఊరు. బ్లూటూత్ రిసీవర్ తగిలించి, నా ఫోన్‌లోంచి ఘంటసాల పాటలు పెడితే తాతయ్య కళ్లు మూసుకుని విన్నాడు. పండగైపోయింది, నేను హైదరాబాద్ బస్సెక్కేశా. రెండ్రోజులకి ఫోన్: “ఒరేయ్, నువ్వెళ్లావు, నీతోపాటు పాటలూ వెళ్లిపోయాయిరా!”

అప్పటిదాకా నేను చూసుకున్నది క్వాలిటీ ఒక్కటే. సీడీలో సెకనుకి 44,100 శాంపిల్స్, ఒక్కోటి 16 బిట్లు, రెండు ఛానళ్లు. మొత్తం 1,411 కేబీపీఎస్. మామూలు బ్లూటూత్‌లోని ఎస్‌బీసీ సాధారణంగా 328 దగ్గరే ఆగుతుంది. ఎల్‌డాక్ 990 దాకా వెళ్తుంది కానీ ఫోనూ రిసీవరూ రెండూ సపోర్ట్ చేయాలి. ఇవన్నీ నిజాలే. కానీ నేను లేనప్పుడు పాట ఎవరు పెడతారన్నది ఆలోచించనే లేదు.

స్ట్రీమింగ్ పెడదామంటే, ఆ ఇంట్లో సిగ్నల్ కావాలంటే చేపల చెరువు గట్టు దాకా నడవాలి. రాస్ప్‌బెర్రీ పై కొందామని చేతులు దురద పెట్టాయి. కానీ కరెంటు చెప్పాపెట్టకుండా పోతే మెమరీ కార్డులో ఫైళ్లు పాడయ్యే ప్రమాదం ఉంది. బాగుచేయడానికి మళ్లీ నేనే వెళ్లాలి.

చివరికి సొరుగులో పడున్న నా పాత ఆండ్రాయిడ్ ఫోనే పనికొచ్చింది. దానికి ఓటీజీ ఉంది, బ్యాటరీ ఉంది కాబట్టి కరెంటు పోయినా ఫైళ్లకి ఢోకా లేదు. నాన్న సీడీలు ముప్ఫైని లాప్‌టాప్‌లో ఫ్లాక్ ఫైళ్లుగా మార్చా. జిప్‌లాగే సైజు తగ్గుతుంది, పాటలో ఒక్క బిట్ కూడా పోదు. 32 జీబీ కార్డు సగం కూడా నిండలేదు. ఫోన్‌కి చిన్న యూఎస్‌బీ డాక్, అక్కణ్నుంచి ఎరుపు-తెలుపు పిన్నుల వైరు యాంప్లిఫయర్ ఆక్స్‌లోకి. మీరు పెడితే ఫోనో అని రాసున్న సాకెట్‌లో మాత్రం గుచ్చకండి, అది రికార్డ్ ప్లేయర్‌ది, సౌండ్ చీలిపోతుంది. డాక్ పెట్టి ఉండగానే ఛార్జింగ్ ఎక్కే స్ప్లిటర్ కూడా తీసుకోండి.

హై-రెజ్ కోసం తాపత్రయపడలేదు. 1974లో వెళ్లిపోయిన ఘంటసాల పాటలు చాలావరకు మోనోవే. సీడీ నుంచి తీసిన ఫైల్‌ని 192 కిలోహెర్ట్జ్‌కి సాగదీసినంత మాత్రాన అందులో లేనిది కొత్తగా రాదు.

ఫోన్‌ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, స్క్రీన్ మీద ప్లేయర్ ఒక్కటే ఉంచా. ఏది నొక్కాలో తాతయ్యతో నాలుగుసార్లు నొక్కించా.

మొన్న ఆదివారం ఆయనకి ఫోన్ చేస్తే ఎత్తలేదు. మూడోసారికి నానమ్మ ఎత్తింది.

“పాటలు పెట్టుకున్నార్రా. తర్వాత చెయ్యి.”