స్వరలోపం లేని సంధి

వ్యాకరణంలో స్వరమంటే అచ్చు. సంగీతంలో స్వరమంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. ఈ రెండర్థాలనూ ఒకచోట పెట్టి ఆలోచించవలసిన అవసరం ఈమధ్య నాకు కలిగింది. కుర్దుల పిల్లనగ్రోవిని జాజ్ సంగీతంతో జోడించిన ప్రయోగాలు కొన్ని యూట్యూబులో విన్నాను. వాటిలో చాలావాటిని వింటూంటే నాకు ఉత్వసంధి జ్ఞాపకం వచ్చింది. రాముడు, అతడు అనే పదాలు కలిస్తే ‘రాముడతడు’ అవుతుంది. ముందున్న ఉకారం లోపిస్తుంది, తరువాత వచ్చిన అకారం నిలుస్తుంది. ఈ ప్రయోగాలలోనూ ముందుగా వేణువు వినబడుతుంది. అరనిముషం గడిచీ గడవకముందే పియానో, డ్రమ్ములు ప్రవేశిస్తాయి. అక్కడినుండి వేణువు స్వరం లోపిస్తుంది.

కలపరాదని నేననను. ఏ సంగీతమూ మడి కట్టుకొని కూర్చున్నందువల్ల బ్రతకలేదు. కుర్దుల సంగీతం కూడా ఆర్మీనియన్ల, అసిరియన్ల, పారశీకుల, తుర్కుల ఇరుగుపొరుగున పెరిగినదే. జాజ్ తన అలవాట్లలో కొన్నింటిని వదులుకోకపోతే మాత్రం జరిగేది కలయిక కాదు, ఆక్రమణ. నా వాదన ఇంతవరకే.

ముందు ఆ వాద్యం సంగతి చెప్పాలి. తుర్కియే, ఇరాన్, ఇరాక్, సిరియా దేశాల సరిహద్దులకు అటూ ఇటూ పరచుకొన్న పర్వతసీమ కుర్దులది. వారి పిల్లనగ్రోవుల్లో బిలూర్ కొయ్యతో చేసినది, పశువుల కాపరుల వాద్యం. షింషాల్‌ను లోహపు గొట్టంతో కూడా చేస్తారు. మనం వేణువును అడ్డంగా పట్టి, ప్రక్కనున్న రంధ్రంలో ఊదుతాము. వారు దాన్ని నిలువుగా, కొంచెం ఏటవాలుగా పట్టి, గొట్టపు అంచుమీద ఊదుతారు. అందువల్ల ఊపిరిలో కొంతభాగం స్వరంగా మారకుండా గాలిగానే బయటపడుతుంది. ఆ గాలి చప్పుడు దోషం కాదు, అది నాదంలో భాగం. ఇరానులోని బూకాన్ ప్రాంతానికి చెందిన కాలె మెరె షింషాల్ వాదనం దొరికితే వినండి. ఆయన అసలు పేరు కాదిర్ అబ్దుల్లాజాదె, 2009లో కాలధర్మం చెందాడు. ఆయన వాయిస్తూంటే కొండసందులోంచి వీచే గాలికీ, మనిషి మూలుగుకూ మధ్య ఎక్కడ గీత గీయాలో తెలియదు. ధ్వనిముద్రణలో ఆ ఊపిరిని కడిగివేసి, స్వరాన్ని మాత్రం మిగిల్చి, మీద కాస్త ప్రతిధ్వని పూస్తే మిగిలేది హోటలు వరండాలో వినిపించే సంగీతమే.

మనకు పిల్లనగ్రోవి అనగానే బృందావనం, వెన్నెల, గోపికలు మనసులో మెదులుతారు. యాషార్ కెమాల్ కుర్దు సంతతివాడు, తుర్కిష్ భాషలో వ్రాసిన మహానవలాకారుడు. 1970లో వెలువడిన ఆయన అరారత్ పర్వతగాథలో ఏటేటా వసంతాన కాపరులు కొండమీది సరస్సు చుట్టూ చేరి పిల్లనగ్రోవులు వాయిస్తారు. వాళ్లు వాయించేది అరారత్ కోపాన్ని. కొండ కోపాన్ని! మన కవులెవరికీ తట్టని ఊహ అది. పిల్లనగ్రోవిని మనసుకు హాయి గొలిపే సరుకుగా చూపించే వారందరూ ఒకసారి ఆ నవల చదవాలి.

ఇక అసలు చిక్కు శ్రుతిలో ఉంది. షడ్జానికి పైన మనకు శుద్ధరిషభం, ఆపైన చతుశ్శ్రుతిరిషభం ఉన్నాయి. పియానోలో అవి రెండు పక్కపక్క మెట్లు. వాటి నడుమ ఎడం నూరు సెంట్లు. కుర్దుల జానపద సంగీతంలో విస్తారంగా వినిపించే బయాతీ, హుసేనీ వంటి మకామ్‌లలోని రెండవ స్వరం సుమారుగా ఈ రెంటి నడిమధ్యన నిలుస్తుంది. పియానోలో దానికి మెట్టు లేదు. వేణుగాడు వ్రేలిని సగం తీసి, పెదవి కొంచెం వంచి అక్కడ నిలబడతాడు. వెంటనే పియానో ఒక కార్డు వాయిస్తుంది. ఆ కార్డులో శుద్ధరిషభమో చతుశ్శ్రుతిరిషభమో ఉంటుంది. ఇక వేణువు ముందున్నవి రెండే దారులు. పియానోవైపు జరిగితే తన స్వరం పోతుంది. జరగకపోతే అపశ్రుతి అనిపించుకొంటుంది. ఎప్పటికీ చెవి గుంజుకోవలసింది వేణువే కావడం నాకు న్యాయంగా తోచలేదు.

ఇందులో ఒక వింత ఉంది. కుర్దు జాతి పేరు పెట్టుకొన్న మకామ్ ఒకటున్నది, కుర్ది. దాని స్వరాలు స్థూలంగా మన హనుమత్తోడివే. అందులో ఈ నడిమి స్వరాలు లేవు. పియానో సుఖంగా వాయించగలదు! ఆ సౌకర్యం చూసుకొని అన్నింటినీ కుర్దిలోకి దించి ‘ఇదుగో కుర్దు జాజ్’ అనడం తెలిసినవారు చేయవలసిన పని కాదు.

ఈ బాధ మనకు కొత్తది కాదు. గమకం పలకదన్న ఆక్షేపణతోనే 1940లో హార్మోనియం ఆకాశవాణి గడప దాటి బయటకు పోయింది. 1971 దాకా దానికి తిరిగి ప్రవేశం దొరకలేదు. నిషేధం సరైనదని నేననను. మెట్ల వాద్యం ముందు గొంతు ఎంత ఇరుకునపడుతుందో తెలిసిన జాతి మనదని మాత్రమే అంటున్నాను.

లయ సంగతీ ఇంతే. కుర్దుల కథాగాయకుణ్ణి దెంగ్‌బేజ్ అంటారు. ‘దెంగ్’ అంటే గొంతు, ‘బేజ్’ అంటే చెప్పేవాడు. అతని పాటలో చాలాభాగానికి తాళం ఉండదు. ఒక్క ఊపిరిలో మాటల ప్రవాహం సాగిపోతుంది, చివర ఒక దీర్ఘం మీద ఆగుతుంది. బిలూర్ కూడా ఆ నడకనే నడుస్తుంది. దానిక్రింద డ్రమ్ములు నాలుగు దెబ్బల లెక్క వేస్తూ పోతే ఎలా ఉంటుందో తెలియాలంటే తోడి ఆలాపనకు మృదంగం వాయించినట్లు ఊహించుకోండి.

విచిత్రమేమంటే, ఈ విషయాలన్నీ ఇతరులకన్న ముందు జాజ్‌కే అర్థం కావాలి. ఆఫ్రికానుండి బానిసలుగా తేబడినవారి సంతతి గొంతులలో ‘బ్లూ నోట్’ అనే స్వరం ఉన్నది. అది పియానో లెక్కలో ఇటూ కాదు, అటూ కాదు. థెలోనియస్ మంక్ వంటివారు పక్కపక్క మెట్లు రెంటినీ కలిపి నొక్కి ఆ లేని స్వరాన్ని స్ఫురింపజేశారు. అంటే మెట్ల మధ్యన నివసించే స్వరంకోసం పియానోతో పోట్లాడిన చరిత్ర జాజ్‌ది. మైల్స్ డేవిస్ 1959లో ‘కైండ్ ఆఫ్ బ్లూ’లో కార్డుల పరుగు తగ్గించి ఒక్కొక్క స్వరవరుస మీద తీరుబాటుగా నిలిచాడు. 1961లో జాన్ కోల్ట్రేన్ ‘ఇండియా’ అనే రచనకు రెండు బేస్‌లను పెట్టుకొని తంబూరా వంటి ఆధారశ్రుతిని సాధించాడు. తలుపు లోపలినుండే తెరిచి ఉంది. కుర్దు వేణువు వచ్చేసరికి మళ్లీ ఎందుకు మూసుకోవాలి?

జాజ్ తాను కదలి వచ్చిన ఉదాహరణలు లేకపోలేదు. అమీర్ ఎల్‌సఫర్ ఇరాకీ తండ్రికి అమెరికాలో పుట్టినవాడు, జాజ్ ట్రంపెట్ కళాకారుడు. 2002లో బాగ్దాదు వెళ్లి అక్కడి మకామ్‌ను శిష్యుడై నేర్చుకొన్నాడు. ఆ నడిమి స్వరాలను ట్రంపెట్ మీద పలికించడం సాధన చేసి 2007లో ‘టూ రివర్స్’ వెలువరించాడు. వేణువును తన శ్రుతికి రమ్మనలేదు, తన వాద్యాన్నే మకామ్ శ్రుతికి తీసుకొనిపోయాడు. మన పాలకొల్లు బిడ్డ మాండలిన్ శ్రీనివాస్ (1969–2014) జాన్ మెక్‌లాఫ్లిన్ ‘రిమెంబర్ శక్తి’ బృందంలో కూర్చున్నప్పుడు కూడా రాగాన్ని ఇంటివద్ద వదిలి వెళ్లలేదు. తంత్రిని లాగి గమకం పలికిస్తూనే గిటారుతో సంభాషించాడు.

పేరు విషయం కూడా చెప్పాలి. ఇది చిన్న విషయమని కొందరనుకొంటారు. నాకలా తోచదు. తుర్కియేలో 1983నాటి చట్టం కుర్దు భాషలో ప్రచురణలను, ప్రసారాలను నిషేధించింది. 1991దాకా అది అమలులో ఉంది. అంతకు చాలా ముందే, 1955లో, సోవియట్ ఆర్మీనియాలోని యెరెవాన్ రేడియో కుర్దు ప్రసారాలు మొదలుపెట్టింది. సరిహద్దుకు ఇవతల జనం వాటిని చెవులప్పగించి విన్నారు. ఎగీదె జిమో వంటి యజీదీ విద్వాంసుల బిలూర్ నాదం ఆ రేడియో ద్వారానే ఇల్లిల్లూ చేరింది. మాటను నిషేధించగల చట్టానికి ఊపిరిని నిషేధించే ఉపాయం దొరకదు గదా. అటువంటి వాద్యాన్ని తీసుకొని, అట్టమీద ‘తూర్పుదేశపు వేణువు’ అని వ్రాస్తే అది మరొక రకం నిషేధం. వాద్యం పేరు, వాయించినవాని పేరు, ఏ లోయ వరుసలో అవి మూడూ ఉండాలి. పియానో వాయించినవాని పేరు ఏ పరిమాణపు అక్షరాలలో ఉంటే ఆ పరిమాణంలోనే ఉండాలి.

‘హౌనియాజ్’ అనే బృందంలో వేణువు లేదు. అయినా ఈ విషయంలో నేను చూపగల మంచి పాఠం అదే. జర్మనీలోని ఓస్నాబ్రూక్‌లో జరిగే మోర్గెన్‌లాండ్ ఉత్సవంలో 2012లో వారు కలుసుకొన్నారు. 2016లో ఆల్బం వచ్చింది. కుర్దు గాయని ఐనూర్ దోవాన్, కమాంచె మీద కయ్‌హాన్ కల్హోర్, తెంబూర్ మీద జెమిల్ కోచ్‌గిరి, పియానో మీద బాకు నగరపు జాజ్ విద్వాంసుడు సల్మాన్ గంబరోవ్. బాకులో వాగిఫ్ ముస్తఫాజాదె (1940–1979) అప్పటికే జాజ్‌నూ ముగామ్‌నూ కలిపి ఒక దారి వేసి ఉన్నాడు. ఆ దారి తెలిసినవాడు గంబరోవ్. ఆయన ఘనత నా లెక్కన వాయించినదానిలో ఎంత ఉందో, వాయించకుండా వదిలినదానిలోనూ అంతే ఉంది. దేవ, ఇంద్ర కలిసి ‘దేవేంద్ర’ అయినప్పుడు అకారమూ నిలవదు, ఇకారమూ నిలవదు, రెండూ తగ్గి ఏకారం పుడుతుంది. ముప్ఫయ్యేళ్లు గుణసంధి పాఠం చెప్పాను గాని, దానికి ఇంతకన్న మంచి ఉదాహరణ తరగతిలో ఎన్నడూ ఇవ్వలేకపోయాను.

ఆ కమాంచె స్థానంలో ఒక బిలూర్‌ను ఊహించుకొని ఆ ఆల్బం వినండి, మిత్రులారా. పియానో ఎక్కడెక్కడ ఊరుకొన్నదో గుర్తుపెట్టుకొని, క్రింద వ్యాఖ్యలలో వ్రాయండి. నేను గమనించిన చోట్లు తరువాతి టపాలో పెడతాను.