పాతిక రూపాయల రబ్బరు రింగూ, పదహారు వేల బిల్లూ

ముందే చెప్పేస్తున్నా, ఇది కోపంలో రాస్తున్న టపా. కోపం సర్వీస్ సెంటర్ మీద కొంత, మన మీద మరికొంత. మన మీద అంటే, పొద్దున్నే మెడలో తాడు (ఐడీ కార్డుదే లెండి) వేసుకుని ఆఫీసుకెళ్ళి, ప్రొడక్షన్లో ఏదైనా పడిపోతే "రూట్ కాజ్ ఏంటి? రూట్ కాజ్ ఏంటి?" అని జూనియర్ల ప్రాణాలు తోడేసి, సాయంత్రం సొంత కారు దగ్గరకొచ్చేసరికి మాత్రం "మీరెలా చెప్తే అలాగే చేసేయండి" అనే జాతి మీద. నేనూ అందులోవాణ్ణే. కాబట్టి తిట్లలో నా వాటా నేను ముందే తీసేసుకుంటున్నా.

విషయం ఇదీ. నాది పదకొండేళ్ళ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. ఓ రోజు పార్కింగ్‌లో కారు కింద అరచెయ్యంత నూనె మరక. వాచ్‌మన్ చూపించాడు, అసోసియేషన్ సెక్రటరీ గారు ఫోటో తీసి గ్రూపులో పెట్టారు. సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే లిఫ్ట్ ఎక్కించి, ఇంజనూ గేర్‌బాక్సూ కలిసే చోట తడి చూసి, "సార్, క్రాంక్ షాఫ్ట్ వెనక ఆయిల్ సీల్ పోయింది. గేర్‌బాక్స్ దించాలి" అన్నారు. గంట తర్వాత ఫోన్: "ఎలాగూ దించాం కదా సార్, క్లచ్ ప్లేట్లు కూడా మార్చేస్తే మంచిది." నేను కాన్ఫరెన్స్ కాల్‌లో ఉన్నా. మ్యూట్‌లో పెట్టి "ఓకే" అన్నా. ఆ ఒక్క ఓకే ఖరీదు పదహారు వేల చిల్లర.

పది రోజులకి మళ్ళీ మరక. అదే చోట, అదే సైజు. మళ్ళీ వెళ్తే ఈసారి "సంప్ గాస్కెట్ అయ్యుండొచ్చు సార్" అన్నారు. అయ్యుండొచ్చట! నా టీమ్‌లో ఎవడైనా ఒక బగ్గుకి రెండో ప్యాచ్ "అయ్యుండొచ్చు" అని పంపిస్తే ఊరుకుంటానా? అప్పటికి గానీ నాకు సిగ్గనిపించలేదు.

ఆదివారం పొద్దున, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తాను. డీగ్రీజర్ స్ప్రే, పాత బనీను ముక్కలు, టార్చి, పాండ్స్ పౌడర్ డబ్బా. గేర్‌బాక్స్ వైపు ఇంజనంతా పైనుంచి కిందదాకా తుడిచి, ఆరనిచ్చి, తడి కనిపించిన దారంతా పల్చగా పౌడర్ చల్లాను. పాతిక కిలోమీటర్లు తిరిగొచ్చి చూస్తే తెల్ల పౌడర్ మీద సన్నగా నల్లటి గీత. కిందనుంచి పైకి ఆ గీత పట్టుకుని వెళ్తే అది సిలిండర్ హెడ్ చివర, క్యామ్‌షాఫ్ట్ పొజిషన్ సెన్సర్ దగ్గర ఆగింది. దానిపైన అంతా పొడిగానే ఉంది. అయిపోయింది డయాగ్నసిస్. ఖర్చు: ఒక పూట, రెండు బనీన్లు.

నూనె ఎక్కడ చుక్క కింద పడుతుందో అక్కడే కారుతోంది అనుకోవడమే ఇందులో మొదటి తప్పు. నూనె కిందకి జారుతుంది, రేడియేటర్ ఫ్యాను గాలికి వెనక్కి పాకుతుంది, ఏ పక్కకో చేరి ఇంజన్‌లో అన్నిటికన్నా కింద ఉన్న అంచు నుంచి చుక్క పడుతుంది. ఎర్రర్ కనిపించిన లైనూ, బగ్గున్న లైనూ ఒకటి కావని మనం ఫ్రెషర్లకి మొదటివారంలోనే చెప్తాం కదా? ఇంజన్‌కీ అదే. తడిగా ఉన్నవాటిలో అన్నిటికన్నా *పైన* ఉన్నది ఏదో అదే ముద్దాయి.

పైగా ఇది కొత్త జబ్బేమీ కాదు. మారుతీ 800 నడిపినవాళ్ళని అడగండి. అందులో డిస్ట్రిబ్యూటర్ సరిగ్గా ఇలాగే సిలిండర్ హెడ్‌కి గేర్‌బాక్స్ వైపు చివర ఉండేది. దాని ఓ-రింగ్ గట్టిపడితే నూనె గేర్‌బాక్స్ మీదకి కారేది. కొత్తవాళ్ళు క్రాంక్ సీల్ అనుకునేవాళ్ళు, చెయ్యి తిరిగిన మెకానిక్కులు ముందు డిస్ట్రిబ్యూటర్ కింద వేలు పెట్టి చూసేవాళ్ళు. డిస్ట్రిబ్యూటర్లు పోయాయి, సెన్సర్లు వచ్చాయి. రింగు మాత్రం రింగే. అమెరికాలో ఉన్నవాళ్ళకి కూడా ఈ కథ తెలిసే ఉంటుంది. జీఎం 5.3 లీటర్ వీ8 ఇంజన్లలో ఆయిల్ ప్రెషర్ సెన్సర్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ వెనకాల, ఇంజన్ పైభాగంలో ఉంటుంది. అక్కడ లీకైతే నూనె వెనకనుంచి జారి బెల్ హౌసింగ్ కింద చుక్కలు పడి, అచ్చం రియర్ మెయిన్ సీల్ పోయినట్టే కనిపిస్తుంది. దానికోసం ట్రాన్స్‌మిషన్ దింపించుకున్న అమాయకులు లేకపోలేదు.

అసలు ఈ రింగు ఎందుకు పోతుంది? సెన్సర్ మూతి ఇంజన్ లోపలికి ఉంటుంది, అక్కడ ఎప్పుడూ నూనె తుంపర. సెన్సర్‌కీ రంధ్రానికీ మధ్య సందు మూసేది గాడిలో కూర్చున్న ఈ రబ్బరు రింగు. దాని మందంలో దాదాపు ఐదో వంతు నొక్కుకుపోయేలా బిగిస్తారు. అలా నొక్కినప్పుడు తిరిగి ఉబ్బాలని అది చేసే ప్రయత్నమే సీలింగ్. ఏళ్ళ తరబడి వేడి, నూనె తగిలి రబ్బరు గట్టిపడుతుంది, ఉబ్బడం మానేస్తుంది. నేను తీసినది గుండ్రంగా లేదు, బయటివైపు బల్లపరుపుగా అయిపోయి, గోరుతో నొక్కితే ప్లాస్టిక్ ముక్కలా ఉంది. మామూలు నైట్రైల్ రబ్బరు సుమారు 100 డిగ్రీల దాకా నమ్మకంగా పనిచేస్తుంది, విటాన్ అనే ఫ్లోరో రబ్బరు 200 దాకా ఓర్చుకుంటుంది. మన ఊరి మే నెలలో, సిగ్నల్ దగ్గర ఏసీ వేసుకుని నిలబడ్డ కారు బానెట్ కింద ఆ రింగు బతుకు ఎలా ఉంటుందో ఊహించుకోండి.

(రబ్బరు ఉబ్బకపోతే ఏమవుతుందో చూడాలంటే ఛాలెంజర్ ఉంది. 1986 జనవరి 28న రాకెట్ బూస్టర్ కీలులో ఓ-రింగ్ చలికి బిగుసుకుపోయి, 73 సెకన్లకి ఏడుగురి ప్రాణాలు పోయాయి. ఫైన్‌మన్ గారు విచారణలో ఆ రబ్బరు ముక్కని క్లాంపులో బిగించి ఐసు నీళ్ళలో ముంచి చూపించాడు. అక్కడ చలి, ఇక్కడ వేడి. మన దగ్గర మరక పడుతుంది, అంతే తేడా.)

"అంతే" అన్నాను గానీ, నూనె ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీదకి కారే ఇంజన్లలో మరకతో ఆగదు, పొగ వస్తుంది, ఖర్మకాలితే మంటే వస్తుంది. కొన్నిట్లో ఆల్టర్నేటర్ మీదకి కారి దాన్ని తినేస్తుంది. మెర్సిడెస్ ఎం271, ఎం272 ఇంజన్లలో ఐతే క్యామ్ అడ్జస్టర్ మాగ్నెట్లలోంచి నూనె కనెక్టర్లోకి దూరి, దీపం వత్తిలో ఎక్కినట్టు వైరింగ్ వెంబడే పాకి ఇంజన్ కంప్యూటర్ దాకా వెళ్ళడం పేరు మోసిన జబ్బు. చిన్న లీకే కదా అని నూనె పోసుకుంటూ తిరిగేవాళ్ళు ఇది ఒకసారి గుర్తు పెట్టుకోండి.

ఇప్పుడు అసలు కోపం దగ్గరకొద్దాం. సదరు సర్వీస్ సెంటర్‌కి వెళ్ళి "ఆ ఓ-రింగ్ ఒకటివ్వండి" అని అడిగా. కౌంటర్లో కుర్రాడు, పాతికేళ్ళు ఉంటాయేమో, కంప్యూటర్లో వెతికి, "విడిగా రాదు సార్, సెన్సర్ అసెంబ్లీతోనే వస్తుంది" అన్నాడు. సెన్సర్ బానే ఉంది కదా బాబూ అంటే, "సిస్టమ్‌లో పార్ట్ నంబర్ లేదు సార్. లేబర్ కోడ్ కూడా లేదు" అన్నాడు. వాడు అబద్ధం చెప్పడం లేదు. వాడి ముందున్న స్క్రీన్‌లో క్రాంక్ సీల్‌కి కోడ్ ఉంది, సంప్ గాస్కెట్‌కి కోడ్ ఉంది. రబ్బరు రింగుకి లేదు. డ్రాప్‌డౌన్‌లో లేని జబ్బు ప్రపంచంలో లేనట్టే.

మరి ఆ స్క్రీన్ ఎవరు రాశారు? మనమే. నేనే ఒకప్పుడు రెండేళ్ళు ఇలాంటి డీలర్ మేనేజ్‌మెంట్ సిస్టమ్ ప్రాజెక్టులో పనిచేశాను. పార్ట్ మాస్టర్, లేబర్ కోడ్, జాబ్ కార్డు. కోడ్ లేకుండా జాబ్ కార్డు క్లోజ్ కాకూడదన్న వాలిడేషన్ నేనే రాశాను, టెస్ట్ కేసులు కూడా నావే. అప్పట్లో అది మంచి పనే అనుకున్నా (డేటా శుభ్రంగా ఉంటుంది కదా!). "తెరిచి చూడు, తుడువు, కనుక్కో" అన్న పనికి కోడ్ ఉండాలని రిక్వైర్మెంట్స్ మీటింగ్‌లో ఎవరూ అడగలేదు, నాకూ తోచలేదు. వెతకడానికి డబ్బులు రావు, మార్చడానికే వస్తాయి అని సాఫ్ట్‌వేర్ చెప్పాక, షాప్ ఫ్లోర్ మీద ఎవడు వెతుకుతాడు?

విడిభాగాల మీద ఈ గుత్తాధిపత్యం గురించి మన దేశంలో కేసు కూడా నడిచింది. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకి కలిపి 2,544 కోట్లకి పైగా జరిమానా వేసింది, స్పేర్ పార్ట్స్ బయటి మార్కెట్‌కి రానివ్వడం లేదని. తర్వాత అప్పీళ్ళూ వగైరా మామూలే. 2022 డిసెంబర్లో కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ పెట్టింది. మంచిదే. కానీ బిల్లు చదవకుండా ఓకే అనే నాలాంటి కస్టమర్ ఉన్నంతకాలం ఎన్ని పోర్టళ్ళు పెట్టి ఏం లాభం?

ఆఫీసులో ఈ మాటంటే ఒకాయన "నా గంట బిల్లింగ్ రేటు ఎంతో తెలుసా? దాంతో పోలిస్తే సర్వీస్ సెంటరే చీప్" అన్నాడు. అయ్యా, ఆదివారం పొద్దున తమరి గంట ఎవరికి బిల్లు చేస్తున్నారు? మూడుసార్లు కారు ఇచ్చి, మూడుసార్లు క్యాబ్‌లో ఆఫీసుకొచ్చిన గంటలు ఏ టైమ్‌షీట్లో వేస్తున్నారు? ఇంకొకాయన ఇంకాస్త నిజాయితీగా, "చేతికి మసి అంటే పనులు మనకెందుకు గురూ" అన్నాడు. అదీ అసలు సంగతి. మా తాతలు మోటు బావి దగ్గర డీజిల్ ఇంజన్‌కి వాషర్ తోలుతో కత్తిరించి వేసుకునేవాళ్ళు, అప్పుడు పరువు పోలేదు. రెండు తరాలు చదువుకున్నాక స్పానర్ పట్టుకుంటే పరువు పోతోంది! ఇహ "ఈవీ కొనుక్కో, లీకే ఉండదు" అన్న మహానుభావుడికి జవాబు లేదు :)

అన్నట్టు, మీ వీధి చివర మెకానిక్కే గొప్ప అని కూడా నేననడం లేదు. మా వీధిలోని ఆయన చూసి, సెన్సర్ పీకకుండానే చుట్టూ సిలికాన్ గమ్ పూసేద్దామన్నాడు. అది లీకుని ఆపదు, దాస్తుంది. పైగా ముక్కలు ఊడి లోపల పడితే ఆయిల్ దారులకి అడ్డం. సీసాలో అమ్మే స్టాప్-లీక్ మందులదీ అదే తంతు. అవి రబ్బరుని ఉబ్బిస్తాయి, కానీ చెడ్డ రింగునే ఉబ్బించు, మంచి సీళ్ళ జోలికి పోకు అని వాటికి చెప్పేదెవరు?

నేను చేసిన పని: బ్యాటరీ నెగెటివ్ తీశా. కనెక్టర్ లాక్ నొక్కి లాగా (వైరు పట్టుకుని కాదు). ఒకటే 10 ఎంఎం బోల్టు. సెన్సర్ని స్క్రూడ్రైవర్‌తో పెకిలిస్తే ప్లాస్టిక్ చెవి విరుగుతుంది, అందుకని అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ బయటికి తీశా. పాత రింగు రంధ్రంలోనే ఉండిపోయిందేమో చూసుకోవాలి. నాది సెన్సర్‌తోనే వచ్చింది. రింగు పట్టుకుని రాణీగంజ్ వెళ్తే అక్కడ సీల్స్ కొట్లో పెద్దాయన వెర్నియర్‌తో సెన్సర్ గాడి కొలిచి (అరిగిన రింగుని కొలవకూడదట, అది సాగిపోయి ఉంటుంది) విటాన్ రింగులు రెండు ఇచ్చాడు, ఒక్కోటి పాతిక. రంధ్రం గుడ్డతో తుడిచి, కొత్త రింగుకి ఇంజన్ ఆయిల్ రాసి, మెలిపడకుండా నెట్టి, బోల్టు బిగించా. ఆ సైజు బోల్టుకి మామూలుగా 8 నుంచి 10 న్యూటన్ మీటర్లు. మీ కారు మాన్యువల్లో ఏముంటే అదే వేదం. బలమంతా చూపిస్తే చెవి పుటుక్కుమంటుంది.

ఇది అన్ని లీకులకీ సంజీవని కాదు. ఆయిల్ ప్రెషర్ స్విచ్‌లు చాలావాటిలో ఓ-రింగ్ ఉండదు, మరలతోనే సీల్ అవుతాయి. వాటి లోపలి పొర చిరిగి కనెక్టర్లోంచి నూనె వస్తుంటే స్విచ్చే మార్చాలి. వీవీటీ సోలెనాయిడ్ దగ్గర నూనె ఒత్తిడితో ఉంటుంది కాబట్టి అక్కడి సీల్ పోతే కారడం కూడా జోరుగానే ఉంటుంది, వాయిదా వెయ్యకండి. అన్నిటికన్నా ముఖ్యంగా, కొత్త రింగు వేశాక నెలలోనే మళ్ళీ తడి కనిపిస్తే పీసీవీ వాల్వ్ చూడండి. అది మూసుకుపోతే క్రాంక్ కేసులో గాలి ఒత్తిడి పెరిగి, బలహీనంగా ఉన్న ప్రతి సీల్ నుంచీ నూనెని బయటికి తోస్తుంది. నేను రింగుతో పాటు అదీ తీసి చూశా, ఊపితే గలగల మంది, బానే ఉంది.

ఇది జరిగి ఏడు నెలలు. డిప్‌స్టిక్ ప్రతి ఆదివారం చూస్తున్నా, కింద అట్టముక్క పరిచి చూస్తున్నా, పొడిగానే ఉంది. పాత క్రాంక్ సీల్ ఇవ్వమని సర్వీస్ సెంటర్‌ని అడిగితే "స్క్రాప్‌లో వేసేశాం" అన్నారు. దాంతో అది నిజంగా పోయిందో లేదో ఇక తేలదు. జరిగిందంతా తేదీలతో, ఫోటోలతో మెయిల్ రాసి, జాబ్ కార్డులో "లీక్ కనుక్కోవడం" అని విడిగా ఒక కోడ్ పెట్టండి, దానికి అయిదొందలు తీసుకోండి, సంతోషంగా ఇస్తాం అని కూడా రాశాను. మూడో రోజు జవాబొచ్చింది. మీ అమూల్యమైన అభిప్రాయానికి ధన్యవాదాలు అని, కింద అయిదు నక్షత్రాలు నొక్కడానికి ఒక లింకు.