గాల్లో ఇంజిన్ ఆగితే పక్కన పార్క్ చేయలేం!

ఇంటి పెరట్లో విమానం కట్టుకునేవాళ్లు ఉన్నారంటే మనలో చాలామంది నమ్మరు. కానీ ఉన్నారు. కేరళ నుంచి వెళ్లి ఇంగ్లండ్‌లో స్థిరపడిన ఒక ఇంజినీరు కరోనా లాక్‌డౌన్ రోజుల్లో పెరట్లో షెడ్డు వేసుకుని, దక్షిణాఫ్రికా నుంచి స్లింగ్ అనే కిట్ తెప్పించుకుని, నాలుగు సీట్ల విమానం కట్టేశారు. 2022లో కుటుంబంతో కలిసి అందులో యూరప్ తిరిగొచ్చారన్న వార్త మన ఫోన్లలోనూ తెగ తిరిగింది. అమెరికాలో అయితే ఇదో పెద్ద లోకం. వాన్స్ అనే ఒక్క కంపెనీ కిట్లతో జనం సొంతంగా కట్టి ఎగరేసిన విమానాలే 11 వేలు దాటాయి.

రెక్కలు, తోక, కాక్‌పిట్ వరకూ డ్రాయింగులు చూసుకుంటూ, రివెట్లు కొట్టుకుంటూ పోవచ్చు. ఓపిక ఉంటే చాలు. అసలు తలనొప్పి ముక్కు దగ్గర మొదలవుతుంది. ఏ ఇంజిన్ పెట్టాలి? ఖర్చులో పెద్ద ముక్క అదే. ప్రాణం ఆధారపడేదీ దాని మీదే.

మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే ఇది బ్యాకప్ లేని ఒకే ఒక్క సర్వర్. సర్వర్ పడిపోతే మళ్లీ లేచేదాకా యూజర్లు తిట్టుకుంటూ ఆగుతారు. భూమి ఆగదు. ఇలాంటి చిన్న విమానం ఇంజిన్ లేకుండా, ఉన్న ఎత్తుకి సుమారు తొమ్మిది రెట్ల దూరం జారుతూ వెళ్లగలదు. వెయ్యి అడుగుల ఎత్తులో ఆగిందనుకోండి, మీ చేతిలో ఉండేది మూడు కిలోమీటర్ల లోపు దూరం, మహా అయితే నిమిషంన్నర టైమ్. టేకాఫ్ అయిన వెంటనే మూడొందల అడుగుల్లో ఆగితే వెనక్కి తిరిగే ఛాన్స్ కూడా ఉండదు. ఎదురుగా పొలం ఉంటే పొలంలో, చెరువుంటే చెరువులో దిగాల్సిందే.

కారు ఇంజిన్ పెట్టేస్తే పోలా?

అందరికీ మొదట వచ్చే ఐడియా ఇదే. కొత్త విమాన ఇంజిన్ కొనాలంటే 20 వేల డాలర్ల పైమాటే. అంతే హార్స్‌పవర్ ఉన్న పాత కారు ఇంజిన్ చాలా చవగ్గా దొరుకుతుంది. పైగా ఇది ఎప్పుడో చేసి చూపించిన పని. 1929లో అమెరికాలోని మిన్నెసోటాలో బెర్నార్డ్ పీటెన్‌పోల్ అనే ఆయన ఫోర్డ్ మోడల్-ఏ కారు ఇంజిన్ బిగించి తన ఎయిర్ క్యాంపర్ విమానాన్ని ఎగరేశారు. ఆ డిజైన్‌ని ఇప్పటికీ కట్టేవాళ్లున్నారు. ఆ తర్వాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఇంజిన్లు, సుబారు ఇంజిన్లు, మాజ్డా రోటరీలు కూడా గాల్లోకి లేచాయి.

మరి ఇబ్బంది ఎక్కడ? కారు చేసే పని వేరు. హైదరాబాద్ నుంచి విజయవాడకి హైవే మీద వెళ్తున్నప్పుడు మీ కారు తన పూర్తి పవర్‌లో వాడేది కొంత భాగమే. ఓవర్‌టేక్ చేసేటప్పుడు కాసేపు గట్టిగా తొక్కుతారు, మళ్లీ వదిలేస్తారు. విమానం అలా కాదు. టేకాఫ్‌లో ఫుల్ పవర్, ఆ తర్వాత గంటల తరబడి 65 నుంచి 75 శాతం పవర్. నాన్‌స్టాప్‌గా ఘాట్ రోడ్డు ఎక్కుతున్నట్టు అన్నమాట. ఆ వేడిని బయటికి పంపే ఏర్పాటంతా మీరే చేసుకోవాలి.

రెండోది కరెంటు. లైకమింగ్ లాంటి సంప్రదాయ విమాన ఇంజిన్లో ప్రతి సిలిండర్‌కీ రెండు స్పార్క్ ప్లగ్గులు, వాటికి రెండు మాగ్నెటోలు ఉంటాయి. మాగ్నెటో తన కరెంటు తనే పుట్టించుకుంటుంది. బ్యాటరీ చచ్చిపోయినా ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది. ఇప్పటి కారు ఇంజిన్‌కి కంప్యూటర్, ఫ్యూయల్ పంపు, ఇంజెక్టర్లు... అన్నీ కరెంటు మీదే. ఒక్క వైరు ఊడినా కథ ముగిసినట్టే.

ఒక చిన్న లెక్క

ప్రొపెల్లర్ కొసలు ధ్వని వేగాన్ని అందుకోకూడదు. అందుకుంటే చప్పుడు పెరుగుతుంది, లాగే శక్తి తగ్గుతుంది. ధ్వని వేగం సెకనుకి సుమారు 340 మీటర్లు. 1.83 మీటర్ల ప్రొపెల్లర్‌ని 2,700 ఆర్‌పీఎంలో తిప్పితే కొస వేగం సుమారు 259 మీటర్లు. ఇబ్బంది లేదు. అదే ప్రొపెల్లర్‌ని 5,800లో తిప్పితే 555 మీటర్లు. అస్సలు కుదరదు.

అందుకే విమాన ఇంజిన్లలో రెండు రకాల ఆలోచనలు కనిపిస్తాయి. అమెరికా కంపెనీ లైకమింగ్ 1950ల నుంచి తయారుచేస్తున్న ఓ-320 ఒక రకం. 5,200 సీసీ పైన సైజు, 150 నుంచి 160 హార్స్‌పవర్, కానీ తిరిగేది 2,700 మాత్రమే. గేర్లు లేవు, ప్రొపెల్లర్ నేరుగా బిగించేస్తారు. బరువు 110 కిలోల పైమాటే. ఆస్ట్రియా కంపెనీ రోటాక్స్ వాళ్ల 912 యూఎల్ఎస్ రెండో రకం. 1,352 సీసీ, అంటే మన చిన్న కార్ల సైజు. 5,800 తిరిగి 100 హార్స్‌పవర్ ఇస్తుంది. మధ్యలో గేర్‌బాక్స్ ఆ వేగాన్ని సుమారు 2,390కి దించి ప్రొపెల్లర్‌కి అందిస్తుంది. ఇంజిన్ బరువు 60 కిలోల చుట్టుపక్కల, రేడియేటరూ గొట్టాలూ కలిపితే ఇంకాస్త.

పీటెన్‌పోల్ ఐడియా ఎందుకు పనిచేసిందో ఇప్పుడు అర్థమవుతుంది. ఫోర్డ్ మోడల్-ఏ తిరిగేదే 2,200 దగ్గర. గేర్‌బాక్స్ గొడవే లేదు. పైగా ఆయన విమానాన్ని ఆ ఇంజిన్ కోసమే గీసుకున్నారు. ఇప్పటి కారు ఇంజిన్లు చాలావరకు వేగంగా తిరిగేవే. గేర్‌బాక్స్ తప్పదు. సిలిండర్లు కొట్టే దెబ్బలకీ, బరువైన ప్రొపెల్లర్‌కీ మధ్య నలిగిపోయేది ఆ గేర్‌బాక్సే.

వీటి కంటే చవకలో టూ-స్ట్రోక్ ఇంజిన్లూ ఉన్నాయి. రోటాక్స్ 582 తేలిగ్గా ఉండి 65 హార్స్‌పవర్ ఇస్తుంది. కానీ 300 గంటలకే ఓవర్‌హాల్. 912, ఓ-320 అయితే 2,000 గంటలు. టూ-స్ట్రోక్ ఇంజిన్లు హఠాత్తుగా ఆగిపోవచ్చని కంపెనీయే మాన్యువల్‌లో హెచ్చరిస్తుంది. దాన్ని నమ్ముకుని అడవుల మీదుగా దూరం వెళ్లడమంటే కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినట్టే.

పవర్ ఎక్కువైతే మంచిదేగా?

ఫోన్‌కి ర్యామ్ ఎంత ఎక్కువుంటే అంత మంచిది. విమానానికి ఈ లెక్క చెల్లదు. వాన్స్ వాళ్ల ఆర్‌వీ-9 డిజైన్ 118 నుంచి 160 హార్స్‌పవర్ వరకే. అందులో 180 పెట్టుకుంటామనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. పెద్ద ఇంజిన్ వేగం పెంచుతుంది, రెక్క మాత్రం పాతదే. ఒక వేగం దాటితే రెక్కో తోకో జెండాలా కొట్టుకోవడం మొదలవుతుంది. దాన్నే ఫ్లట్టర్ అంటారు. విమానం ముక్కలవడానికి సెకన్లు చాలు.

బరువు ఇంకో చిక్కు. ఇంజిన్ ఉండేది ముక్కు చివర. అక్కడ 20 కిలోలు పెరిగితే ముక్కు కిందికి లాగుతుంది, ల్యాండింగ్‌లో పైకెత్తడం కష్టం. 20 కిలోలు తగ్గితే తోక బరువెక్కి, స్టాల్ అయినప్పుడు ముక్కు కిందికి దిగనంటుంది. అది ఇంకా ప్రమాదం. అంటే ఇంజిన్ మారిస్తే విమానం డిజైనే మారినట్టు.

పెట్రోల్ సంగతి మర్చిపోవద్దు

లైకమింగ్‌లకి మామూలుగా పోసేది ఏవ్‌గ్యాస్ అనే సీసం కలిపిన పెట్రోల్. మన దేశం దాన్ని పూర్తిగా దిగుమతి చేసుకునేది. 2022లో ఇండియన్ ఆయిల్ ఇక్కడే తయారుచేయడం మొదలుపెట్టింది. అయినా అది వీధి చివర బంకులో దొరికే సరుకు కాదు. రోటాక్స్ 912 మామూలు పెట్రోల్‌తోనూ నడుస్తుంది, గంటకి 20 లీటర్ల లోపే తాగుతుంది. బాగుంది కదా? ముందుంది ముసళ్ల పండగ. ఆ ఇంజిన్ ఒప్పుకునేది 10 శాతం ఇథనాల్ వరకే. మన బంకుల్లో ఇప్పుడు పోస్తున్నది 20 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోల్. అమెరికా వీడియో చూసి ఇక్కడ ఇంజిన్ ఎంచుకుంటే ఇలాంటివే ఎదురవుతాయి. పోనీ రోటాక్స్‌లో ఏవ్‌గ్యాసే పోద్దామంటే, సీసం పేరుకోకుండా ఆయిల్ తొందర తొందరగా మార్చాలి.

25 గంటలా, 40 గంటలా?

సొంతంగా కట్టిన విమానాన్ని కొన్ని గంటలు ఒక నిర్ణీత ప్రాంతంలోనే, ప్రయాణికుల్ని ఎక్కించుకోకుండా ఎగరేసి చూడాలని అమెరికా విమానయాన సంస్థ ఎఫ్ఏఏ నిబంధన. సర్టిఫికెట్ ఉన్న ఇంజిన్, దానికి ఆమోదించిన ప్రొపెల్లర్ జోడీ పెడితే మామూలుగా 25 గంటలు. లేకపోతే 40. ఆ తేడాకి అర్థం ఒక్కటే: ఆ జోడీని మీకంటే ముందు వేరేవాళ్లు పరీక్షించి ఉంటే మీరు చేయాల్సిన పరీక్ష తగ్గుతుంది. లేకపోతే టెస్టర్ మీరే.

2012లో అమెరికా రవాణా భద్రతా సంస్థ ఎన్‌టీఎస్‌బీ సొంతంగా కట్టిన విమానాల ప్రమాదాల మీద ప్రత్యేకంగా అధ్యయనం చేసింది. అందులో ఎక్కువగా కనిపించిన కారణాలు రెండు. ఒకటి ఇంజిన్ వైపు వైఫల్యాలు, రెండోది గాల్లో కంట్రోల్ తప్పడం. ఇంజిన్ వైపు అంటే పిస్టన్లు విరగడం ఒక్కటే అనుకోకండి. పెట్రోల్ పైపు, గాలి దారి, వైరింగ్, కూలింగ్ అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. కట్టేవాడు తన బుర్రతో కొత్తగా అమర్చేవన్నీ అవే. అందరూ వాడే ఇంజిన్ పెడితే వాటికి డ్రాయింగులు రెడీగా దొరుకుతాయి. కొత్త ఇంజిన్ పెడితే ప్రతి గొట్టం మీ సొంత డిజైనే.

అందుకే హార్స్‌పవర్, ధర చూసేముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ విమానం డిజైనర్ ఏ ఇంజిన్ పెట్టమన్నాడు? ఇదే విమానంలో ఇదే ఇంజిన్‌తో ఎంతమంది, ఎన్ని గంటలు ఎగిరారు? నేనుండే చోట దీనికి పెట్రోలు, పార్టులు, చేయి పెట్టగల మెకానిక్ దొరుకుతారా? మూడింటికీ జవాబు దొరికాక ధర గురించి ఆలోచించొచ్చు.

ప్రయోగం చేయొద్దని కాదు. పీటెన్‌పోల్ చేయకపోతే ఎయిర్ క్యాంపర్ ఉండేదే కాదు. అయితే అది ప్రయోగమని తెలిసి చేయాలి. 40 గంటలకి బదులు 400 గంటలు పట్టినా ఓపిక పట్టగలగాలి. డబ్బు మిగుల్చుకోవడానికని కారు ఇంజిన్ పెట్టేవాళ్లు గేర్‌బాక్సు, రేడియేటరు, రెండో బ్యాటరీ కొనేసరికి మిగిలేది పెద్దగా ఏమీ ఉండదు. రిస్క్ మాత్రం అలాగే ఉంటుంది.

అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో ఉండి ఈ సరదా మొదలెట్టాలనుకునే మనవాళ్లకి ఒక్క మాట. కిట్ ఆర్డర్ పెట్టేముందే ఇంజిన్ తేల్చుకోండి. ముందు విమానం కట్టేసి, ఇంజిన్ సంగతి తర్వాత చూద్దాం అనుకుంటే, ఆ తర్వాత మిమ్మల్ని నడిపించేది మీ పర్సే.