వేరు పెట్టినారు సరే, భాగం ఏదీ?

ఏ ఇంట్లోనైనా కొడుకును వేరు పెడితే చెంబో తపేలో, ఎకరమో అరెకరమో పంచి ఇస్తారు. ఎంత పిసినారి తండ్రైనా ఉత్త చేతులతో పొమ్మనడు. మమ్మల్ని ఈ ఊర్లు ఎన్ని తరాల కిందట వేరు పెట్టినాయో లెక్క లేదు. ఊరికి దిగువన, చెరువు కట్ట కింద, వంక పక్కన వేరు పెట్టినారు. భాగం మాత్రం ఈనాటికీ పంచలేదు. ఇప్పుడు గవర్నమెంటు వచ్చి, అదే దిగువన ఇంకా దూరంగా జానెడు జాగా కొలిచి, రిబ్బను కత్తిరించి, ఇదిగో మీ ఇల్లు అంటోంది. చప్పట్లు కొట్టమంటోంది.

మేము కొట్టం. ముందు లెక్క అడుగుతాం.

2020 డిసెంబరు 25న రాష్ట్రమంతా పట్టాల పండగ చేసినారు. పల్లెలో సెంటున్నర, పట్నంలో సెంటు. మాలో బడిపంతుళ్ళు వున్నారు, సెంటు అంటే ఎంతో పిల్లలకు చెప్పేది మేమే. 48 గజాల చిల్లర. అడుగుల్లో చెప్పాలంటే ఇటు ఇరవై, అటు ఇరవై రెండు. అందులో గోడల మందం తీసెయ్యండి. పొయ్యి, నీళ్ళ తొట్టి, మరుగుదొడ్డి గుంత తీసెయ్యండి. మిగిలిన దాంట్లో మేకను యాడ కట్టెయ్యాల? కాన్పుకొచ్చిన కూతురు యాడ పండుకోవాల? కొడుక్కు పెండ్లయితే ముసలోళ్ళు యాడికి పోవాల? 2021 అక్టోబరులో హైకోర్టులో ఒక న్యాయమూర్తి సరిగ్గా ఇదే ప్రశ్న వేసినాడు. సెంటు జాగా ఒక కుటుంబానికి చాలదు, అధ్యయనం చేసి రండి అన్నాడు. తర్వాత డివిజన్ బెంచి ఆ తీర్పును పక్కన పెట్టింది. తీర్పు పక్కకు పోయింది గానీ ప్రశ్న పోలేదు.

2024లో సర్కారు మారింది. 2025 జనవరిలో పల్లెలో మూడు సెంట్లు, పట్నంలో రెండు సెంట్లు అని కొత్త మాట చెప్పినారు. సెంటున్నరకు మూడు రెట్టింపే, కాదనం. మాట నిలబెట్టుకుంటే మంచిదే. కాలనీల పేర్లు మాత్రం చకచకా మారిపోయినాయి. ఇందిరమ్మ పోయి జగనన్న వచ్చె, జగనన్న పోయి ఎన్టీఆర్ నగర్ వచ్చె. బోర్డు మీద అక్షరాలు మారినంత సులభంగా బోర్డు వెనకాల ముళ్ళకంప పోలేదు. ఇంతమంది పేర్లు మా నెత్తిన పెట్టుకోని తిరుగుతున్నాం గదా, ఇందులో ఒక్కరన్నా తమ సొంతూరి నడిబొడ్డున, తమ మిద్దె పక్కన మాకు మూడు సెంట్లు ఇచ్చినారా?

ఇదీ అసలు మాట. ఎన్ని సెంట్లు అని అందరూ అడుగుతారు. యాడ అని ఎవరూ అడగరు. నంద్యాల, ఆళ్ళగడ్డ చుట్టూ వున్నది నల్లరేగడి. పత్తికి, శనగకు, వరికి బంగారం లాంటి నేల. ఇల్లు కట్టేవాడికి మాత్రం శని. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెరియలు బారుతుంది. రేగడిని తవ్వి తీసేసి, గట్టినేల తగిలేదాకా పోయి, గ్రావెల్ తోలించి, అప్పుడు పునాది వెయ్యాల. అట్లా కాకుండా వేసిన గోడ రెండేండ్లకే చీలుతుంది. పోయిన సర్కారు ఇంటికి లెక్క కట్టింది 1 లక్షా 80 వేలు. రేగడికి అంతే, గులకనేలకూ అంతే! పునాదిలోకే సగం డబ్బు దిగిపోతే గోడలు దేంతో లేపాల? పైగా బిల్లు ముందు ఇవ్వరు. పునాది వేసి ఫోటో దిగితే ఒక బిల్లు, గోడలు లేచినాక ఒకటి, స్లాబు పడినాక ఒకటి. అంటే ముందు పెట్టుబడి ఎవరిది? కూలికి పొయ్యే ఆడమనిషిది. బ్యాంకు నుంచి పావలా వడ్డీకి 35 వేలు అప్పిప్పిస్తామన్నారు. అదీ అప్పే గదప్పా, దానం కాదు. అదీ చాలకపోతే నూటికి మూడు రూపాయల వడ్డీకి, ఏ రైతు దగ్గర కూలి చేస్తామో ఆ రైతు దగ్గరే చెయ్యి చాపాల. ఇల్లు పూర్తయ్యేలోగా మనిషి మళ్ళీ జీతగాడై కూర్చుంటాడు. 2025 మార్చిలో, సగంలో ఆగిన ఇండ్లకు ఎస్సీలకు ఇంకో 50 వేలు ఇస్తామని ఉత్తర్వులిచ్చినారు. మొదటి లెక్క తప్పని వాళ్ళే ఒప్పుకున్నట్టు గదా? ఆ తప్పుకు అప్పుడే వడ్డీ కట్టేసిన వాళ్ళ సంగతేమి?

ఇంక నీళ్ళు. కుందేరు, మద్దిలేరు, చామకాలువ, ఆళ్ళగడ్డలో వక్కిలేరు. ఈ పేర్లు ఆఫీసరుకు మ్యాపులో గీతలు, మాకు రాత్రిపూట నిద్ర పట్టనియ్యని పేర్లు. 2019 సెప్టెంబరు వానలకు మహానందిలో దేవుడి గుడిలోకే నీళ్ళొచ్చినాయి. గుడిలోని నీళ్ళు పేపర్లో ఫోటో అయినాయి. వంక పక్క గుడిసెల్లో తడిసిన బియ్యం, తడిసిన రేషన్ కార్డు, తడిసిన బడిపుస్తకాలు ఏ పేపర్లో వచ్చినాయి? కేసీ కాలువ నీళ్ళు నిండుగా వచ్చినప్పుడు వాళ్ళ మళ్ళకు పోతాయి, వాగు నీళ్ళు నిండుగా వచ్చినప్పుడు మా ఇండ్లకు వస్తాయి. పల్లపు జాగాలు ఎంచి ఎంచి మాకే ఎందుకు దొరుకుతాయి? మెరక నేల ధర పలుకుతుంది గనక! ఏ లేఅవుటు ఏ సర్వే నంబరులో వుంది, ఎవరి దగ్గర కొన్నారు, ఎకరాకు ఎంత ఇచ్చినారు అనే కాగితం పంచాయతీ ఆఫీసు గోడకు అంటించమనండి. ఏ పార్టీ హయాములో కొన్నా సరే అంటించమనండి. ఇందిరమ్మ ఇండ్ల నాటి కాగితం కూడా అంటించమనండి.

బేతంచెర్ల బండలు రాష్ట్రమంతా ఇండ్లల్లో పరుస్తున్నారు. ఆ గనుల్లో వీపు పగిలేది మావాళ్ళకు. సిమెంటు ఫ్యాక్టరీలు మా జిల్లాలోనే వున్నాయి, దుమ్ము మాకు, బస్తాలు ఇంకొకరికి. ఆళ్ళగడ్డలో చెక్కిన రాతిదేవుళ్ళు లారీలెక్కి ఊరూరి గుళ్ళకు పోతారు. రాయికి నీడ దొరుకుతుంది, రాయి మోసినోనికి దొరకదు.

నంద్యాల టౌనులో అయితే ఇంకో తమాషా. 2017 ఆగస్టు 23న ఉప ఎన్నిక పోలింగు. ఆ ఎండాకాలం, ఆ వానాకాలం నంద్యాల మీద కురిసినన్ని ఇండ్ల హామీలు మరే ఊరి మీదా కురవలేదు. మంత్రులు వార్డుకొకరు దిగినారు. టిడ్కో అపార్టుమెంట్లు అన్నారు. 300 అడుగులది ఒకటి, 365 అడుగులది ఒకటి, 430 అడుగులది ఒకటి. పెద్దవాటికి బ్యాంకు అప్పు. ఓట్లు పడినాయి, గోడలు లేచినాయి, 2019లో సర్కారు మారి రంగులు మారినాయి. ఇల్లు చేతికి రాకముందే అప్పు కిస్తీ కట్టమని నోటీసులొచ్చిన ఊర్లు ఈ రాష్ట్రంలో చాలానే వున్నాయి. సరే, ఇల్లు దక్కిందనే అనుకుందాం. మూడో అంతస్తులో తోపుడుబండి యాడ పెట్టాల? పాకీ పనికి తెల్లారి నాలుగ్గంటలకు టౌనుకు పోవలసిన ఆడమనిషి ఊరి చివర నుంచి ఏ ఆటోలో పోవాల? ఆ చార్జీ ఎవరిస్తారు? ఇల్లు గీసినోడు మా పనిని చూడలేదు. మా తలకాయలు లెక్కపెట్టుకోని పోయినాడు.

బాబాసాహెబ్ ఈ సంగతి ఎప్పుడో చెప్పినాడు. 1942 జులైలో నాగపూరు మహాసభలో షెడ్యూల్డ్ కులాలకు సవర్ణుల ఊర్లతో సంబంధం లేని వేరే గ్రామాలు కావాలని తీర్మానం చేయించినాడు. వేరే గ్రామం అంటే సాగుభూమితో సహా. సాగులో లేని సర్కారు భూములు మాకిచ్చి నిలబెట్టమని అడిగినాడు. భూమి లేని వేరు బతుకు వెలి అవుతుందని ఆయనకు తెలుసు. మన సర్కార్లు ఆ తీర్మానంలో ‘వేరు’ ఒక్కటీ పట్టుకున్నాయి, భూమిని మడిచి బీరువాలో పెట్టినాయి. ఎస్సీ కాలనీ అని బోర్డు పెట్టి, ఊరికి అవసరమైనప్పుడు కూలికి రమ్మని, అవసరం లేనప్పుడు అక్కడే వుండమంటున్నాయి.

ఇల్లు పథకంగా వస్తే ఒక తీరు, పోరాటంగా వస్తే ఇంకో తీరు. 1985 జులై 17 కారంచేడు హత్యాకాండ తర్వాత ఆ దళితులు ఊరికి తిరిగి పోమన్నారు. చీరాలలో శిబిరం వేసుకోని కూర్చున్నారు, అక్కడే విజయనగర్ కాలనీ కట్టించుకున్నారు. వాళ్ళను ఎవరూ లబ్ధిదారులు అనలేదు. ఈ మాటే మాకు నచ్చదు. లబ్ధి ఏంది? ఎవరి సొమ్మని? ఉత్తరప్రదేశ్‌లో దళితుల ఇండ్ల కోసం భూమి సేకరిస్తే ఆ భూముల యజమానులు సుప్రీంకోర్టు దాకా పోయినారు. 1995 డిసెంబరులో చమేలీ సింగ్ కేసులో కోర్టు వాళ్ళ మాట కొట్టేసింది. నీడ అనేది జీవించే హక్కులో భాగం అనింది. నాలుగు గోడలే కాదు, గాలీ వెలుతురూ, నీళ్ళూ, దోవా అన్నీ కలిస్తేనే నీడ అనింది. ఇది మా ఎమ్మార్వోలకు ఎవరన్నా చదివి వినిపించాల.

కమ్యూనిటీ డెవలప్‌మెంట్ అనే ముద్దుపేరు ఒకటుంది. 1952 అక్టోబరు 2న మొదలుపెట్టినారు. కమ్యూనిటీ అంటే ఊరనుకున్నారు, ఊరంటే పెత్తందారు అనుకున్నారు. ఆ డబ్బు ఎటు పోవాల్నో అటే పోయింది. కొట్లాడి కొట్లాడి సబ్‌ప్లాన్ చట్టం 2013లో తెచ్చుకున్నాం. పదేండ్ల గడువు అయిపోవస్తే 2023 జనవరిలో ఇంకో పదేండ్లు పొడిగించినారు. చట్టం వుంది. మరి వాడలో ఏముంది? మొగదల వరకు సిమెంటు రోడ్డు, తాళమేసిన కమ్యూనిటీ హాలు, హాలు మీద అంబేద్కర్ పేరు. ఆ హాలు కాంట్రాక్టు మనోడికే ఇచ్చినారని మురిసిపోయే తమ్ముళ్ళకు ఒక మాట. ఇసుక తగ్గించి కట్టిన గోడ నీ కులం చూసి నిలబడదు నాయనా.

మేము అడిగేది ఇది. ఊరిని ఆనుకుని మెరక మీద మూడు సెంట్లకు తగ్గని జాగా. పునాది బిల్లు ముందే చేతికి, రేగడికి రేగడి లెక్క. ఇంటి ఆడమనిషి పేరు మీద రిజిస్టరు పట్టా. దాంతో పాటు కుటుంబానికి అరెకరమైనా సాగుభూమి, ఎందుకంటే అది లేకుండా తక్కినవన్నీ మళ్ళీ రైతు గడపకే తీసుకపోతాయి. భూమి యాడుందని అడుగుతారు. 1973 సీలింగు చట్టం కాగితాలు, బంజర్ల రిజిస్టర్లు, అసైన్‌మెంటు పట్టా మాదీ సాగు ఇంకొకరిదీ అయిన సర్వే నంబర్లు తీసి చూడమనండి. 1977 చట్టం ప్రకారం ఇతరుల చేతికి పోయిన అసైన్డ్ భూమిని తిరిగి పట్టాదారుకు ఇప్పించే అధికారం తాసిల్దారుకు వుంది. వాడినారా?

2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా అయ్యింది, కర్నూలుకు పొయ్యే బస్సు చార్జీ మిగిలింది. అంతవరకు లాభమే. సోమవారం పూట కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారు. ఒక్కొక్కరుగా పోవద్దు, వాడ వాడ పోవాల. పట్టా జిరాక్సు, జాగా ఫోటో, వాన పడినప్పుటి ఫోటో, వడ్డీ కాగితం తీసుకోని పోండి. ఎమ్మార్వో ఇచ్చిన జవాబుంటే అదీ పెట్టండి. అర్జీ మాట్లాడే తెలుగులోనే రాయండి. రాయడం రాకపోతే మా దగ్గరికి రండి, బడి వదిలినాక రాత్రి ఎంతసేపైనా కూర్చుని రాసిస్తాం. రశీదు ఇయ్యందే కౌంటరు దగ్గర్నుంచి కదలొద్దు.